డాస్ మెమరీ – 4వ పాఠం: 640 కేబీలో చోటు చేసుకోవడం

గత పాఠంలో డాస్ (ఆదేశాలు టైపు చేసి నడిపే పాత ఆపరేటింగ్ సిస్టమ్) వాడే ఒక మెగాబైటు మెమరీ పటం గీసుకున్నాం. కింది 640 కేబీ ప్రోగ్రాములది, పైన 384 కేబీ వీడియో కార్డుకూ బయోస్‌కూ (యంత్రాన్ని మొదలుపెట్టే కోడ్) వదిలేసింది. ఆ 384లో చాలా అడ్రసులు ఖాళీవే, కాకపోతే వాటి వెనక ర్యామ్ ఉండదు. మెగాబైటు దాటి ఉన్న ర్యామ్‌ను 386 ప్రాసెసర్ పేజింగ్ (ఒక అడ్రసును వేరే చోటి ర్యామ్‌కు మళ్లించడం) ద్వారా ఆ అడ్రసులకు తగిలించగలదు. ఆ పని చేయించేదే ఈఎంఎం386 అనే డ్రైవర్. ఎంఎస్-డాస్ 6.22 ఉన్న యంత్రమో, వర్చువల్ మెషీనో ముందు పెట్టుకుని చదవండి.

కాన్ఫిగ్.సిస్ (బూటయ్యేటప్పుడు డాస్ చదివే సెట్టింగుల ఫైలు) మొదట్లో ఈ మూడు లైన్లు రాయండి. టైపు చేసేది ఇంగ్లిషు అక్షరాల్లోనే.

డివైస్=సి:\డాస్\హైమెమ్.సిస్
డివైస్=సి:\డాస్\ఈఎంఎం386.ఈఎక్స్ఈ నోఈఎంఎస్
డాస్=హై,యుఎంబీ

మూడో లైను డాస్‌ను హెచ్ఎంఏలోకి (మెగాబైటు దాటగానే ఉండే సుమారు 64 కేబీ) పంపి, పైన 384లో ఏర్పడ్డ ర్యామ్ ముక్కల్ని (యుఎంబీ) వాడుకోనిస్తుంది. మొదటి రెండింటి వరుస మార్చకండి. ఈఎంఎం386 అప్పు తెచ్చుకునే ర్యామ్ హైమెమ్ చేతిలో ఉంటుంది. హైమెమ్ లేకపోతే డాస్ కూడా పైకి పోలేక, హెచ్ఎంఏ అందుబాటులో లేదని తెరమీద చెప్పి కిందే కూర్చుంటుంది. నోఈఎంఎస్ రాయకపోతే ఈఎంఎస్ (అదనపు మెమరీని ముక్కలుగా ఒక కిటికీలోంచి చూపే పద్ధతి) కిటికీకి 64 కేబీ పోతుంది. ఈఎంఎస్ అడిగే ప్రోగ్రామేదీ లేకుంటే ఆ చోటు వదులుకోవడం దండగ.

ఇక పైకి పంపడానికి డ్రైవర్లకు డివైస్ బదులు డివైస్‌హై, ఆటోఎగ్జెక్.బ్యాట్‌లోని (బూట్ చివర్లో నడిచే ఆదేశాల ఫైలు) ప్రోగ్రాములకు ముందు ఎల్‌హెచ్ (లోడ్‌హై) తగిలించండి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఒక డ్రైవర్ స్థిరపడ్డాక 15 కేబీయే తీసుకుంటుందనుకోండి. కానీ లోడయ్యేటప్పుడు, తనను తాను సర్దుకోవడానికి 40 కేబీ కావాలి. పైన మిగిలిన పెద్ద ముక్క 38 కేబీ అయితే డాస్ ఒక్క మాటా చెప్పకుండా దాన్ని కిందే లోడ్ చేస్తుంది. తప్పు జరిగినట్టు ఎక్కడా కనపడదు. అందుకే లోడయ్యేటప్పుడు ఎక్కువ చోటు అడిగేవాటిని ముందు పెట్టాలి, చిన్నవి మిగిలిన సందుల్లో సర్దుకుంటాయి. ప్రతి మార్పు తర్వాతా రీబూట్ చేసి మెమ్ /సి /పి (ఏది ఎక్కడ కూర్చుందో చూపే ఆదేశం) కొట్టండి. పైకి పంపాననుకున్న పేరుకు కన్వెన్షనల్ (కింది 640 కేబీ) వరుసలో అంకె కనిపిస్తే అది ఎక్కలేదన్నమాట.

బూట్ మధ్యలో యంత్రం బిగుసుకుపోతే భయపడకండి. ‘స్టార్టింగ్ ఎంఎస్-డాస్’ అని కనపడగానే ఎఫ్8 నొక్కితే ఒక్కో లైనుకూ అనుమతి అడుగుతుంది. ఎక్కడ ఆగిందో అక్కడే దొంగ. నెట్‌వర్క్ కార్డు వాడుకునే అడ్రసుల్ని ఈఎంఎం386 ఖాళీ అనుకుని ఆక్రమించడం తరచూ చూసే కారణం. కార్డు డి000 దగ్గర 32 కేబీ వాడుతుంటే ఈఎంఎం386 లైను చివర ఎక్స్=డి000-డి7ఎఫ్ఎఫ్ చేర్చండి.

అంతా సర్దాక ఒక పాత ప్రోగ్రామ్ ‘ప్యాక్డ్ ఫైల్ ఈజ్ కరప్ట్’ అనవచ్చు. ఫైలు పాడవలేదు. చోటు బాగా ఖాళీ అవడంతో ప్రోగ్రామ్ మొదటి 64 కేబీలోకి దిగింది. ఎగ్జిప్యాక్‌తో కుదించిన ఫైళ్లలో విప్పే కోడ్ సెగ్మెంట్ (అడ్రసు మొదలయ్యే చోటు చెప్పే అంకె) లెక్కలో సున్నా కంటే కిందికి పోతుంది. మొదటి పీసీల ప్రాసెసర్ 8088లో అది చుట్టు తిరిగి సరైన చోటికే చేరేది. ఏ20 లైను (మెగాబైటు పైకి దారి ఇచ్చే అడ్రసు తీగ) తెరిచి ఉంటే హెచ్ఎంఏలోకి పోతుంది. ప్రోగ్రామ్ పేరు ముందు లోడ్‌ఫిక్స్ రాస్తే అది 64 కేబీ పైన లోడవుతుంది, పని జరుగుతుంది.

వచ్చే పాఠానికి ముందు డ్రైవర్ల వరుస రెండు రకాలుగా మార్చి, మెమ్ చివర్లో చూపించే ‘లార్జెస్ట్ ఎగ్జిక్యూటబుల్ ప్రోగ్రామ్ సైజ్’ రెండుసార్లూ రాసుకోండి. డీబగ్ అనే డాస్ పరికరంతో మెమరీ బ్లాకుల గొలుసు విప్పేటప్పుడు ఆ అంకెలు కావాలి.