పాత సీసపు బొమ్మలకు రంగులేసే ముందు

ఆదివారం బరంపురంలో మా డాబా మీద కూర్చునే ముందు ఇవి చూసుకోండర్రా.

– బల్ల మీద ఆడే యుద్ధపు ఆటల కోసం 1990లకు ముందు పోతపోసిన డ్రాగన్లు, మరుగుజ్జు యోధుల బొమ్మల్లో చాలావాటిలో సీసం ఉంటుంది. ఆకురాయి పొడిగా పట్టకండి. తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి, తుడిచిన గుడ్డ మళ్లీ వాడకండి.
– రెక్కల మడతల్లో తెల్లటి పొడి కనిపిస్తే ఊదొద్దు. అది సీసానికి పట్టిన చిలుము.
– కుంచె మొన నాలుకతో తడపొద్దు. ఆ పాడు అలవాటు నాకే ఉంది, కనిపిస్తే కేకేయండి.
– టీ, మిక్చర్, పిల్లలు: కింద గదిలోనే.
– పాత రంగు తీయడానికి అసిటోన్ లోహపు బొమ్మలకే. ప్లాస్టిక్‌వి కరిగిపోతాయి.
– సబ్బునీళ్లతో కడిగి, బాగా ఆరాకే ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత). మబ్బు పట్టిందా, స్ప్రే డబ్బా ముట్టొద్దు. సముద్రపు తేమకి పొర తెల్లబారుతుంది.
– ఒక దళంలోని బొమ్మలన్నిటికీ ఒకే బుడ్డిలోని రంగు.