గ్యాస్ ఇంజెక్షనే కదా అని ఇచ్చేయకండి

ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం లాంటి ప్రమాదకరమైన ఇంజెక్షన్లు తీస్తున్నామంటే పక్కనున్న సిస్టర్‌ని పిలిచి మరీ చూపిస్తాం, అదే పాంటాప్రజోల్, ఆండాన్సెట్రాన్ దగ్గరికొచ్చేసరికి చెయ్యి దానంతట అదే వెళ్ళిపోతుంది, గ్యాస్‌కే కదా, వాంతికే కదా అని. నేనూ అలాగే ఇచ్చినదాన్నే. అందుకే కొత్తగా డ్యూటీలో చేరినవాళ్ళకి ఇది రాస్తున్నా. డోస్ విషయంలో మాత్రం మీ డాక్టర్ గారి ఆర్డర్, మీ వార్డు ప్రోటోకాల్ ఏం చెప్తే అదే ఫైనల్.

ఏ కడుపు మందైనా సరే, ట్రేతో వెళ్ళినప్పుడు ముందు దుప్పటి తీసి పొట్ట చూడండి. మోషన్ ఎప్పుడైంది, గ్యాస్ పోతోందా, పొట్ట ఉబ్బి గట్టిగా ఉందా, వాంతి ఏ రంగులో ఉంది, పచ్చగానా, కాఫీ పొడి కలిపినట్టా, ఇవన్నీ అడగడానికి నిమిషం కూడా పట్టదు. పొట్ట ఉబ్బిపోయి, గ్యాస్ కూడా పోకుండా, పచ్చ వాంతులవుతుంటే పేగు ఎక్కడో మూసుకుపోయిందేమో అని అనుమానించాలి, అప్పుడు చార్టులో మెటోక్లోప్రమైడ్ అనే వాంతి మందు ఉన్నా, విరేచనాల మందు ఉన్నా ఇవ్వకుండా ఆపి డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి, ఎందుకంటే మెటోక్లోప్రమైడ్ పేగుని ముందుకి తోస్తుంది, ముందు దారే లేనప్పుడు తోస్తే పేగు చిల్లు పడే ప్రమాదం ఉంది. ఆండాన్సెట్రాన్ అలా తొయ్యదు కానీ వాంతిని ఆపేసి లోపల జరుగుతున్నదాన్ని కప్పేస్తుంది, పేషెంట్ ప్రశాంతంగా ఉన్నాడనుకుంటాం, పొట్ట మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

మెటోక్లోప్రమైడ్ గురించి కొంచెం ఎక్కువే చెప్తా, నాకు బాగా తగిలింది అదే. కొత్తలో ఒక నైట్ డ్యూటీ, అవతల బెడ్ వాళ్ళు పిలుస్తున్నారని 10 మిల్లీగ్రాములు పది సెకన్లలో తోసేసి వెళ్ళిపోయా. తిరిగొచ్చేసరికి అతను దుప్పటి తన్నేసి, లేచి కూర్చుని, మళ్ళీ నిలబడి, "పడుకోలేకపోతున్నా సిస్టర్, ఒళ్ళంతా ఏదోలా ఉంది, నన్ను పంపించేయండి" అంటున్నాడు. నేనేమో భయపడుతున్నాడులే అని పడుకోమని కసురుకున్నా. మా సీనియర్ వచ్చి అతన్ని ఒకసారి చూసి, నా వైపు తిరిగి "ఇంజెక్షన్ ఎంతసేపట్లో ఇచ్చావమ్మా?" అని అడిగింది, అంతే. ఆ మందు కనీసం 3 నిమిషాలు పట్టేలా మెల్లగా ఇవ్వాలి, వేగంగా వెళ్తే ఇదిగో ఇలాంటి తట్టుకోలేని కంగారు పుడుతుంది.

ఇంకొకటి, ఇదే మందు వల్ల మెడ పక్కకి మెలిపడిపోవడం, కళ్ళు పైకి తేలిపోవడం, దవడ పట్టేయడం, ఇది చిన్న వయసు వాళ్ళలో ఎక్కువ, చూసినవాళ్ళు ఫిట్స్ అనుకుంటారు కానీ పేషెంట్‌కి స్పృహ ఉంటుంది, మీరు మాట్లాడేది అర్థమవుతుంటుంది. మందు ఆపి వెంటనే డాక్టర్‌ని పిలవండి, దీనికి విరుగుడు ఇంజెక్షన్ ఉంది, ఇచ్చాక త్వరగానే తగ్గుతుంది. పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉన్నవాళ్ళకి మెటోక్లోప్రమైడ్ రాస్తే ఇవ్వకముందే డాక్టర్‌ని అడగండి. 2013లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ దీన్ని 5 రోజులకి, పెద్దవాళ్ళలో రోజుకి 30 మిల్లీగ్రాములకి మించొద్దని చెప్పింది, కాబట్టి చార్టులో పదో రోజు కూడా నడుస్తుంటే నోరు తెరిచి అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఆండాన్సెట్రాన్‌కి గుండెతో పేచీ, ఈసీజీలో క్యూటీ పెంచుతుంది, అంటే ప్రతి కొట్టుకి గుండె మళ్ళీ సిద్ధమయ్యే టైము సాగిపోయి లయ తప్పే ప్రమాదం ఉంటుంది. అందుకే ఒకేసారి 32 మిల్లీగ్రాములు నరంలోకిచ్చే డోస్‌ని అమెరికాలో 2012లో తీసేశారు, ఒక్క ఐవీ డోస్ 16 దాటకూడదు. మామూలు 4 మిల్లీగ్రాములైనా 2 నుంచి 5 నిమిషాల్లో ఇవ్వండి. వాంతులు ఎక్కువైనవాళ్ళకి ఎలాగూ పొటాషియం పడిపోయి ఉంటుంది, దానికితోడు అజిత్రోమైసినో, లీవోఫ్లోక్సాసినో, హాలోపెరిడాలో (అవీ క్యూటీ పెంచేవే) కూడా నడుస్తుంటే ఈసీజీ తీశారా, పొటాషియం ఎంతుంది అని చూసుకున్నాకే ఇవ్వండి.

పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ తినడానికి అరగంట నుంచి గంట ముందు ఇవ్వాలి, తిండి పడగానే పొట్టలో యాసిడ్ పంపులు పని మొదలుపెడతాయి, ఆ టైముకి మందు రక్తంలో ఉంటేనే వాటిని ఆపగలదు. మనమేమో ఉదయం మందులన్నీ ఒకే కప్పులో వేసి తిన్నాక ఇచ్చేస్తాం. రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి పొట్టలోకి వేసే గొట్టం) ఉన్నవాళ్ళకి పాంటాప్రజోల్ మాత్ర నూరి వేస్తుంటారు, పైన ఉన్న పూత యాసిడ్ నుంచి మందుని కాపాడటానికే, నూరాక ఇక అది ఉన్నా లేనట్టే, వేరే రూపంలో రాయమనండి. ఇంజెక్షన్ అయితే 40 మిల్లీగ్రాముల వయల్‌ని 10 ఎంఎల్ నార్మల్ సెలైన్‌తో కలిపి కనీసం 2 నిమిషాలు, ముందూ వెనకా లైన్ ఫ్లష్ చేసి. అదే లైన్లో మిడజోలం అనే మత్తుమందు వెళ్తుంటే కలపొద్దు. రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళకి ఒమెప్రజోల్ రాసుంటే, అది క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తుంది కాబట్టి డాక్టర్‌కి ఒకసారి గుర్తు చేయండి.

యాంటాసిడ్ సిరప్, అల్సర్‌కి ఇచ్చే సుక్రాల్‌ఫేట్ పక్క మందుల్ని పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వవు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌ని యాంటాసిడ్‌కి 2 గంటల ముందో 6 గంటల తర్వాతో ఇవ్వాలి, థైరాయిడ్ మాత్ర థైరాక్సిన్‌కైతే 4 గంటల తేడా. వీటిలో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి కాబట్టి కిడ్నీ పేషెంట్లకి రాస్తే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసి అడగండి.

విరేచనాలకి లోపరమైడ్ పెద్దవాళ్ళకి మొదట 4, తర్వాత పల్చటి మోషన్ అయిన ప్రతిసారీ 2 మిల్లీగ్రాములు, రోజుకి 16 దాటొద్దు. మోషన్లో రక్తం, జ్వరం ఉంటే, లేదా యాంటీబయాటిక్ వాడుతుండగా మొదలైన విరేచనాలైతే ఇవ్వకండి, రెండేళ్ళలోపు పిల్లలకి అసలే వద్దు. వాళ్ళకి కావాల్సింది ఓఆర్‌ఎస్, జింక్.

మలబద్ధకంలో బైసాకోడిల్ మాత్ర నూరొద్దు, పాలతో ఇవ్వొద్దు. ఇసబ్‌గోల్‌కి గ్లాసు నిండా నీళ్ళు పక్కన నిలబడి తాగించండి, నీళ్ళు చాలకపోతే గొంతులోనే ఉబ్బి అడ్డుపడుతుంది. లాక్ట్యులోజ్ సంగతి వేరు, లివర్ పేషెంట్‌కి అది మలబద్ధకానికి కాదు, రక్తంలో అమోనియా తగ్గి మెదడు తేటపడటానికి, రోజుకి 2-3 మెత్తటి మోషన్లు అవ్వాలి. "ఒకసారి అయింది కదా సిస్టర్, ఇక ఇవ్వలేదు" అని హ్యాండోవర్‌లో వింటే నాకు గుండె జారిపోతుంది, పొద్దుటికి ఆ పేషెంట్ మత్తులోకి వెళ్ళిపోతాడు. అలాగని ఏడెనిమిది సార్లు అవుతున్నా పోస్తూ ఉండొద్దు, ఒళ్ళు ఎండిపోతుంది, అది కూడా అదే మత్తుకి దారి.

మోషన్ నల్లగా వస్తోందంటే ఐరన్ మాత్రల వల్లో, బిస్మత్ ఉన్న కడుపు మందుల వల్లో కావచ్చు, కానీ తారులా జిగటగా, ముక్కుపుటాలదిరే వాసనతో ఉంటే రక్తం కిందే లెక్క, పడెయ్యనివ్వకుండా మీరే వెళ్ళి చూడండి, బీపీ, పల్స్ తీసి ఫోన్ చెయ్యండి.

నోట్స్‌లో "ఇచ్చాను" అని ఒక్క ముక్క వదిలేస్తే తర్వాత డ్యూటీ వాళ్ళకి ఏం అర్థమవుతుంది? నేనైతే ఇలా రాస్తా: "రాత్రి 10:20, ఆండాన్సెట్రాన్ 4 మిల్లీగ్రాములు ఐవీ, 3 నిమిషాల్లో. ఇచ్చేముందు పొట్ట మెత్తగా ఉంది, గ్యాస్ పోతోంది. 10:50కి వాంతి లేదు, రెండు గుక్కల నీళ్ళు నిలిచాయి."