విశాఖలో అద్దె కోసం తొలి ఫ్లాటు: దళారి లేకుండా కొనడం

అద్దెకిచ్చే ఉద్దేశంతో ఫ్లాటు కొనదలచినవారు ముందుగా మధురవాడ వంటి ప్రాంతంలో ఒక సాయంత్రం తిరిగి, టు-లెట్ బోర్డులున్న ఇళ్లలో అద్దె ఎంతో వాకబు చేయాలి. అమ్మేవారు చెప్పే అంకెను నమ్మనక్కర్లేదు.

అసలు శ్రమంతా కాగితాల దగ్గరే. కనీసం 30 ఏళ్ల ఈసీ (ఆస్తిపై జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్టుల వివరాలు చూపే పత్రం) తీయించి, లింకు దస్తావేజులతో (ఆస్తి చేతులు మారిన పాత పత్రాలతో) సరిచూసి, స్థలం సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషేధించిన ఆస్తుల జాబితాలో (దీన్నే 22ఏ జాబితా అంటారు) లేదని నిర్ధారించుకుని, ఆమోదిత ప్లానును, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌ను (భవనం నివాసానికి తగినదని ఇచ్చే ధ్రువపత్రాన్ని) లాయరుకు చూపించాకే బయానా ఇవ్వాలి. లాయరు ఫీజు దగ్గర పిసినారితనం పనికిరాదు.

ఉప్పుగాలి తగిలే ఊరు కనుక, బాల్కనీ స్లాబు అడుగున పెచ్చులూడి తుప్పుపట్టిన చువ్వ కనిపిస్తుందేమో టార్చి వేసి చూడాలి. కొత్తగా రంగు వేసిన చోట మరీ అనుమానంగా చూడాలి.

అమ్మేవారు ఎన్నారై కానప్పుడు, ధర 50 లక్షలు లేదా అంతకు మించితే, 1 శాతం టీడీఎస్ (అమ్మేవారికిచ్చే సొమ్ములోంచి ముందే కోసే ఆదాయపు పన్ను) మినహాయించి కట్టవలసినది కొనేవారే.