టర్కిష్ నోటికి ఎలా వచ్చిందంటే

అంకారాలో టర్కిష్ నేర్చుకునేటప్పుడు క్లాసు పరీక్షలు బాగానే రాసేదాన్ని. సంతలో కూరగాయల ముందు నిలబడితే మాత్రం నోరు పెగిలేది కాదు. వివరణలన్నీ ఇంగ్లిష్ మీదుగా రావడంతో, మనసులో వాక్యం తిరగేసుకునేలోపే వెనకవాళ్లు బేరం ముగించుకుని వెళ్లిపోయేవారు.

ఇంగ్లిష్‌ను పక్కనపెట్టి నేరుగా తెలుగులో అనుకోవడం మొదలుపెట్టాక దారి దొరికింది. రెండు భాషల్లోనూ క్రియ మామూలుగా చివర్లోనే వస్తుంది, ప్రత్యయాలు మాట వెనకే అతుక్కుంటాయి. క్లాసులో చాలామందిని తిప్పలు పెట్టిన ‘ఎవె గెలెన్ ఆదమ్’ మనకు అచ్చంగా ‘ఇంటికి వచ్చిన మనిషి’. ఒక్క మాట కూడా అటూ ఇటూ జరపక్కర్లేదు. ముందున్న అచ్చును బట్టి ప్రత్యయం మారడమూ మనకు కొత్త కాదు: ఊరికి అంటాం, గురువుకు అంటాం. ఈ దగ్గరితనం గురించి మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో!

రోజూ పొద్దున్నే ఆనాటి పనులను తెలుగులో చిన్న వాక్యాలుగా రాసి, కింద అదే వరుసలో టర్కిష్ పెట్టేదాన్ని. వాటినే బయట వాడేదాన్ని. అక్కడా వరసలు కలిపే పిలుస్తారు. అన్నను ‘ఆబీ’, అక్కను ‘ఆబ్లా’ అంటారు. ‘ఆబీ, దొమాతెస్ నె కదర్?’ అని టమాటా ధర అడిగితే, చెప్పడంతోపాటు రుచి చూడమని ఒక ముక్క కోసి చేతిలో పెట్టేవాడు.

ఉచ్చారణకు మాత్రం తెలుగు సాయం చాలదు. పెదాలు గుండ్రంగా చుట్టి ‘ఇ’, ‘ఎ’ పలికితే వచ్చే రెండు అచ్చులనూ అద్దం ముందు సాధన చేయాల్సిందే.