ఓపెన్ జీపులో తాళం వేసుకునే సామాను పెట్టె: ఒక్క ప్లైవుడ్ షీటుతో

టాపు లేని ఆఫ్‌రోడ్ బండికి పెట్టె చేసేవాళ్ళు శ్రద్ధంతా చెక్క కోయడం మీద పెడతారు. తీరా పెట్టెలు పాడయ్యేది మూలల్లో, నేలకు బిగించిన చోట, మూత అంచున. పలకలు మిల్లీమీటరు అటూ ఇటూ అయినా నడుస్తుంది. ఈ మూడు చోట్ల మాత్రం తొందరపడకూడదు.

ఇక్కడ చెప్పేది బయటి కొలతల్లో 900 × 450 × 350 మి.మీ. పెట్టె. లోపల దాదాపు 120 లీటర్ల చోటు ఉంటుంది. ఖాళీ పెట్టె బరువు హార్డ్‌వేర్‌తో కలిపి ప్లై రకాన్ని బట్టి 16–19 కిలోల మధ్య తేలుతుంది. మీ బండిలో వీల్ ఆర్చ్‌ల (చక్రాల పైన లోపలికి ఉబ్బిన భాగాల) మధ్య వెడల్పు కొలిచి, దానికన్నా పెట్టె కనీసం 40 మి.మీ. తక్కువ ఉండేలా చూసుకోండి. గుంతల్లో బాడీ మెలి తిరుగుతుంది. ఆర్చ్‌ల మధ్య బిగుతుగా ఇరికించిన పెట్టె పెయింటు గీరేస్తుంది, దారంతా కిర్రుమంటుంది.

చెక్క 12 మి.మీ. మెరైన్ ప్లై, అంటే తడికి తట్టుకునే ప్లైవుడ్. 9 మి.మీ. చాలుతుందని కొందరు అంటారు కానీ మూత మీద మనిషి కూర్చుంటే అది వంగిపోతుంది. 18 మి.మీ. అయితే అనవసరపు బరువు. చెక్క పొడిని అదిమి చేసే ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు జోలికి వెళ్ళొద్దు. ఒక్కసారి తడిస్తే ఉబ్బిపోయి స్క్రూలను వదిలేస్తాయి.

2440 × 1220 షీటులో కోయాల్సినవి:

- అడుగు పలక: 900 × 450, ఒకటి
- పొడవు పలకలు: 900 × 326, రెండు
- పక్క పలకలు: 426 × 326, రెండు
- మూత: 906 × 453, ఒకటి

షీటులో దాదాపు నలభై శాతం మిగులుతుంది. లోపలి అడ్డ పలకలు దాంట్లోంచే వస్తాయి. ఇవి కాక 30 × 30 మి.మీ. గట్టి చెక్క రీపరు 5 మీటర్లు, 30 × 30 × 2 మి.మీ. అల్యూమినియం యాంగిల్ (ఎల్ ఆకారపు పట్టీ) 2 మీటర్లు, 4 × 35 మి.మీ. స్టెయిన్‌లెస్ స్క్రూలు ఒక 80, పియానో హింజ్ (మూత పొడవునా వచ్చే బందు) ఒకటి, గొళ్ళెం, డి ఆకారపు రబ్బరు బీడింగ్ 3 మీటర్లు, ఎం8 × 60 (8 మి.మీ. లావు, 60 మి.మీ. పొడవు) బోల్టులు నాలుగు, వాటికి నైలాక్ నట్లు (వదులు కాకుండా లోపల నైలాన్ రింగు ఉండేవి) కావాలి. పాత టైరు ట్యూబు ముక్క ఒకటి దొరికితే దాచండి, పని ఉంది.

మూలలు

ప్లైవుడ్ అంచులోకి నేరుగా స్క్రూ దింపితే పొరలు విడిపోతాయి. ఇంట్లో కదలకుండా ఉండే అల్మరాకు అది సరిపోవచ్చు. బండిలో కుదుపు ఆ స్క్రూను రోజూ కొంచెం కొంచెం ఊపుతూ రంధ్రాన్ని పెద్దది చేస్తుంది. అందుకే ప్రతి మూలలోనూ లోపలి వైపు రీపరు నిలబెట్టి, రెండు పలకలనూ దానికే బిగించాలి. అడుగున కూడా చుట్టూ రీపరు రావాలి.

ముందు 3 మి.మీ. బిట్‌తో రంధ్రం చేసి, రీపరుకు నీటికి తట్టుకునే జిగురు రాసి, ప్రతి 80–100 మి.మీ.కి ఒక స్క్రూ వేయండి. ఒక పలక నుంచి వచ్చే స్క్రూలు, పక్క పలక నుంచి వచ్చేవి ఒకే ఎత్తులో ఉంటే రీపరు లోపల ఢీకొంటాయి. ఒక వరసను 20 మి.మీ. కిందికి జరపండి. పక్క పలకలు పొడవు పలకల మధ్యలో కూర్చుంటాయి, నాలుగూ అడుగు పలక మీద నిలబడతాయి. జిగురు ఆరకముందే మూల నుంచి ఎదురు మూలకు ఐమూలగా రెండు వైపులా కొలవండి. రెండు కొలతలూ సమానమైతేనే పెట్టె మూలమట్టంగా ఉన్నట్టు. లేకపోతే మూత ఎప్పటికీ సరిగా కూర్చోదు.

మూత

హింజ్ సీట్ల వైపు ఉండాలి, గొళ్ళెం వెనక డోరు వైపు. తిరగేసి పెడితే వేగంలో గాలి మూత కిందికి దూరి పైకి లేపుతుంది. హింజ్ ఒక రెక్కను మూత పైముఖం మీద, రెండో రెక్కను పెట్టె పలక బయటి ముఖం మీద పెట్టి, స్క్రూలకు బదులు ఎం5 బోల్టులు చెక్క ఇటునుంచి అటు వచ్చేలా దింపండి. హింజ్ మధ్య కడ్డీ మూత పై అంచు మూలకు సరిగ్గా రావాలి.

మూత మిగతా మూడు అంచులకూ అల్యూమినియం యాంగిల్ వేయండి: ఒక రెక్క మూత మీద, రెండోది కిందికి వేలాడుతూ. మూతను మూడు వైపులా 3 మి.మీ. పెద్దగా కోసింది ఈ యాంగిల్ పలకకు రాసుకోకుండా ఉండటానికే. బీడింగ్ నొక్కుకున్నాక కూడా యాంగిల్ దాదాపు 12 మి.మీ. పలక మీదికి దిగుతుంది. వాన నీరు అక్కడే కారిపోతుంది. వర్షాన్ని ఆపేది ఈ యాంగిల్, బీడింగ్ ఆపేది దుమ్మును. బీడింగ్ ఒక్కదాన్నే నమ్ముకుంటే మొదటి జడివానకే తెలిసిపోతుంది. బీడింగ్‌ను మూత అడుగున అంటించండి. పలక అంచు మీద అంటిస్తే సామాను తీసేటప్పుడు తగిలి ఊడుతుంది.

హింజ్ వైపు యాంగిల్ ఉండదు కాబట్టి నీరు అక్కడినుంచే దూరుతుంది. పాత ట్యూబు నుంచి 80 మి.మీ. వెడల్పు పట్టీ కోసి, హింజ్‌ను కప్పేలా మూతకూ పలకకూ సన్నని పట్టీలతో నొక్కి బిగించండి. మడత కోసం కొంచెం వదులు ఉంచండి. గొళ్ళెం కొండీ కింద 5 మి.మీ. చెక్క ముక్క పెట్టాలి, లేకపోతే యాంగిల్ ముందుకు పొడుచుకొచ్చిన మేరకు గొళ్ళెం వంకరగా కూర్చుంటుంది. మూత అడుగున 400 మి.మీ. పొడవున్న రెండు రీపర్లు అడ్డంగా వేస్తే కూర్చున్నా వంగదు.

వార్నిష్

హార్డ్‌వేర్ అంతా ఒకసారి బిగించి చూసి, మళ్ళీ ఊడదీసి, అప్పుడు పాలీయురేథేన్ వార్నిష్ వేయండి. మొదటి పూత పలుచన చేసి, తర్వాత రెండు చిక్కగా. అంచులకు, బోల్టు రంధ్రాల లోపలికి ఇంకో రెండు ఎక్కువ. నీరు తాగేది అక్కడే. అడుగు పలక కింది ముఖాన్ని చాలామంది వదిలేస్తారు. బయట ఒక్కవైపే పూస్తే రెండు ముఖాలూ తేమను వేర్వేరుగా పీల్చి పలక వంకర పోతుంది. బీడింగ్ అంటించేది పూత పూర్తిగా ఆరాకే, లేకపోతే జిగురు పట్టదు.

నేలకు బిగించడం

డ్రిల్లు తీసే ముందు బండి కిందికి దూరి చూడండి. ఇంధన ట్యాంకు, బ్రేకు పైపులు, వైర్లు సరిగ్గా వెనక నేల కిందే పోతాయి. వెనక సీటు తీసేసిన బండి అయితే ఆ సీటు బోల్టు రంధ్రాలే అన్నిటికన్నా మంచివి. సీటు బెల్టు బోల్టులను మాత్రం దీనికి వాడొద్దు.

పెట్టె నేరుగా నేల మీద కూర్చోకూడదు. ప్రతి బోల్టు దగ్గర 20 మి.మీ. మందం గట్టి ప్లాస్టిక్ లేదా అల్యూమినియం ముక్క పెడితే నీరు కిందనుంచి పోతుంది. మెత్తటి రబ్బరు పెడితే అది నలుగుతూ పోతుంది, బోల్టు వదులవుతుంది. బోల్టులు మూలల నుంచి 80 మి.మీ. లోపలికి, 9 మి.మీ. రంధ్రాల్లో. బండి నేల సన్నటి రేకు. ఉత్త వాషరుతో బిగిస్తే అకస్మాత్తు బ్రేకుకు బోల్టు రేకును చీల్చుకుని బయటికొస్తుంది. కింద 60 × 60 × 3 మి.మీ. ఇనుప ప్లేటు, పెట్టె లోపల వెడల్పాటి వాషరు తప్పనిసరి. నేల మీద ఉబ్బెత్తు గీతలుంటే ప్లేటు చదునైన చోటే కూర్చోవాలి.

బోల్టు తలను ఆ ప్లేటుకు రెండు చుక్కలు వెల్డింగ్ చేయించండి. అప్పుడు నట్టు లోపలే ఉంటుంది, ఒక్కరే బిగించుకోవచ్చు, కిందనుంచి స్పానరుతో విప్పడానికీ వీలుండదు. కొత్తగా చేసిన రంధ్రం అంచులకు ప్రైమరు పూసి, చుట్టూ సీలెంటు నింపండి. బిగించాక నట్టు మీదా వాషరు మీదా కలిపి ఒక పెయింటు గీత గీయండి. 50 కిలోమీటర్ల తర్వాత మూత తెరిచి చూస్తే గీత చెదిరిందో లేదో ఇట్టే తెలుస్తుంది.

అడుగున నాలుగు మూలల్లో, రీపర్లకు కాస్త లోపలగా, 10 మి.మీ. రంధ్రాలు చేసి సన్నని జాలీ వేయండి. ఎంత మూసినా కొంత నీరు చేరుతుంది, పోయే దారి ఉండాలి. వాగు దాటేవాళ్ళకు ఇంకో సంగతి: 120 లీటర్ల పెట్టె గాలి చొరకుండా మూసి ఉండి పూర్తిగా మునిగితే, నీరు దాన్ని నూరు కిలోలకు పైగా బలంతో పైకి నెడుతుంది. రంధ్రాలుంటే నీరు లోపలికొచ్చి ఆ ఒత్తిడి తగ్గుతుంది. తడవకూడనివి విడిగా వాటర్‌ప్రూఫ్ సంచిలో పెట్టుకోవడమే మార్గం. లోపల కార్పెట్ వేయొద్దు, అది తడిని పట్టి ఉంచుతుంది. గీతల రబ్బరు మ్యాటు చాలు.

బరువైనవి అడుగున, సీట్ల వైపు. ఖాళీ మిగిలితే తాళ్ళూ గుడ్డలూ కుక్కండి. లోపల దొర్లే జాకీ పది రోజుల్లో పలక పగలగొడుతుంది. పెట్రోలు డబ్బా ఈ పెట్టెలో పెట్టకూడదు, మూసిన చోట ఆవిరి పేరుకుంటుంది. ఫస్ట్ ఎయిడ్ డబ్బా, మంటలార్పే సిలిండరు తాళం బయటే ఉండాలి.

చెక్కపని అంతా ఎందుకు అనుకుంటే, మూతున్న ప్లాస్టిక్ క్రేటును రెండు 25 మి.మీ. రాచెట్ పట్టీలతో (పిడి ఆడించి బిగించేవి), రెండూ మూత మీదుగా పోయేలా, నేల కొక్కేలకు కట్టినా పని జరుగుతుంది. సాగే రబ్బరు తాళ్ళు వద్దు, గుంతలో క్రేటు వాటితో పాటు ఎగురుతుంది. తాళం ఉండదు, ఎండకు ప్లాస్టిక్ పెళుసవుతుంది కాబట్టి అంచుల్లో పగుళ్ళు కనిపిస్తే మార్చేయాలి.