పెయింటర్ డిస్కౌంట్ ఇస్తానంటే నమ్మాలా వద్దా? తేల్చుకోవడం ఇలా

"మీరు కాబట్టి ఇరవై శాతం తగ్గిస్తున్నాను, కానీ అడ్వాన్స్ ఈరోజే ఇచ్చేయాలి." ఇంటికి రంగులు వేయిద్దామని కొటేషన్ అడిగిన వాళ్లలో చాలామంది ఈ మాట వినే ఉంటారు. విన్న వెంటనే ఫోన్ తీసి డబ్బులు కొట్టకండి, అలాగని ఆ మనిషిని దొంగని చూసినట్టు చూడకండి. డిస్కౌంట్లలో నిజమైనవీ ఉంటాయి. ఆ తగ్గిన డబ్బు ఎక్కడి నుంచి తగ్గుతోందో పట్టుకోగలిగితే నమ్మాలో వద్దో దానంతటదే తెలిసిపోతుంది.

నాకు ఇది ఎలా తెలిసిందో చెప్తాను. తెనాలిలో మా అమ్మవాళ్ల ఇంటికి చెల్లి పెళ్లి ముందు రంగులు వేయించాం. మిగతా వాళ్లకంటే పాతిక శాతం తక్కువకు చేస్తానన్నాడొకాయన, పెళ్లి ఖర్చుల్లో ఉన్నాం కదా, ఇంకేమీ అడగకుండా సరే అన్నాం. పెళ్లినాటికి ఇల్లు మెరిసిపోయింది. నవంబరు వానలకు పడమటి గోడ మీద అరచేతి వెడల్పున పెచ్చులు లేచాయి. ఒక పెచ్చు చేత్తో లాగి వెనక్కి తిప్పి చూస్తే, దానికి పాత సున్నం పొడిపొడిగా అంటుకుని వచ్చింది. అంటే గోడ గోకలేదు, రంగు గోడకు పట్టుకోవడానికి ముందు వేసే ప్రైమర్ పూత వేయలేదు, పాత సున్నం మీదే కొత్త రంగు పూసేశారు. మాకిచ్చిన పాతిక శాతం వాళ్లు చేయకుండా వదిలేసిన పనిలోంచి వచ్చిందన్నమాట. అమ్మ ఆ గోడ చూసినప్పుడల్లా బాధపడేది.

1. ముందు కారణం అడగండి

"ఎందుకు తగ్గిస్తున్నారండీ?" అని మర్యాదగా, సూటిగా అడగండి. నిజమైన కారణం ఉన్నవాళ్లు తడుముకోకుండా చెప్తారు. మన దగ్గర ఈ పనికి సీజన్ ఉంది. దసరాకీ, సంక్రాంతికీ, పెళ్లిళ్లకీ, గృహప్రవేశాలకీ ముందు పెయింటర్లు దొరకరు. ఆషాఢంలో, మూఢం రోజుల్లో, సంక్రాంతి వెళ్లాక మాఘం వచ్చేదాకా ఖాళీగా ఉంటారు, చేతికింద మనుషుల్ని నిలబెట్టుకోవడానికి తక్కువకైనా చేస్తారు. మీ అపార్ట్‌మెంట్లోనే ఇంకో రెండు ఫ్లాట్లు చేస్తుంటే నిచ్చెనలు, సామాను, మనుషులు అక్కడే ఉంటారు కాబట్టి తగ్గించగలరు. ఇవన్నీ నమ్మదగ్గ కారణాలే. ఒక్క జాగ్రత్త, ఆషాఢం అంటే వానలు కూడా. లోపలి గోడలకైతే సరే, కానీ చెమ్మ ఆరని బయటి గోడలకు ఎంత డిస్కౌంట్ ఇచ్చినా వద్దు.

"పక్క సైట్లో మెటీరియల్ మిగిలింది, అందుకే చవక" అంటే మాత్రం ఆగండి. తెరిచిన డబ్బాలో ఏముందో, ఎన్నాళ్ల నుంచి ఉందో మీకు తెలియదు. పైగా ఆ మెటీరియల్‌కి ఇంకెవరో డబ్బు కట్టి ఉంటారు. రేపు మీ ఇంట్లో మిగిలింది కూడా అలాగే ఇంకో ఇంటికి వెళ్తుంది. ఇక "ఈరోజు వరకే" అనేది అసలు కారణమే కాదు, మిమ్మల్ని ఇంకొకర్ని అడగనివ్వకుండా చేసే పద్ధతి. రెండు రోజులు టైమ్ అడగండి. నిజంగా ఖాళీగా ఉన్న మనిషి రెండు రోజుల తర్వాత కూడా ఖాళీగానే ఉంటాడు.

2. ముగ్గురు పెయింటర్లను ఒకే పనికి రేటు అడగండి

ఒకరు లప్పంతో (గోడ నునుపు చేయడానికి పూసే పుట్టీ) కలిపి చెప్తారు, ఇంకొకరు లేకుండా చెప్తారు, మనం రెండూ పక్కపక్కన పెట్టుకుని ఇది చవక అనుకుంటాం. అందుకని ముందు మీరే కాగితం మీద రాసుకోండి: పాత రంగు గోకడం, ప్రైమర్ ఒక కోటు, లప్పం రెండు కోట్లు, గరుకు కాగితంతో రుద్దడం, పైన రంగు రెండు కోట్లు. మీ గోడలకు అన్నీ అవసరం లేకపోవచ్చు, ఉన్నవి మాత్రమే ఉంచండి. రంగు విషయంలో కంపెనీ పేరొక్కటే రాస్తే చాలదు. ఒకే కంపెనీలో చవక ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే గోడ రంగు) ఉంటుంది, దానికి రెండు మూడు రెట్లు ఖరీదైనదీ ఉంటుంది. డబ్బా మీద ఉండే పూర్తి పేరు రాయించండి. ఆ కాగితం ఫొటో ముగ్గురికీ పంపి రేటు అడగండి. అప్పుడు తెలుస్తుంది డిస్కౌంట్ నిజమో కాదో.

3. కొలతలు మీరే తీసుకోండి

నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, ఎక్కువ మంది వదిలేసేదీ ఇదే. మన దగ్గర పని చదరపు అడుగుల లెక్కన జరుగుతుంది, అందరి కళ్లూ రేటు మీదే ఉంటాయి. లెక్క సులువుగా ఉండేలా చెప్తాను. అడుగుకు 20 రూపాయలు అనుకోండి, 15 శాతం తగ్గించి 17కి చేస్తానన్నాడు. కొలత 3,200 అడుగులు అని రాశాడు, మొత్తం 54,400. మీరు టేపు పట్టి కొలిస్తే 2,600 వచ్చింది. డిస్కౌంట్ లేకుండా 20 రూపాయల చొప్పున అసలు కొలతకు ఇచ్చినా అయ్యేది 52,000. తగ్గించాడనుకున్న మనిషికి మీరు 2,400 ఎక్కువ ఇచ్చినట్టు!

కొలవడం కష్టమేమీ కాదు. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తున్న గది తీసుకోండి. నాలుగు గోడల చుట్టుకొలత 44, ఎత్తుతో గుణిస్తే 440, సీలింగ్ 120, మొత్తం 560. అందులోంచి తలుపు 21, కిటికీ 16 తీసేస్తే 523. తలుపులూ కిటికీలూ తీసేస్తారా, కలిపే లెక్కేస్తారా అన్నది ముందే మాట్లాడుకోవాలి, చివర్లో గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. కొలిచేటప్పుడు అతన్ని కూడా పక్కన ఉంచుకుని, టేపు రెండో కొస పట్టుకోమనండి.

4. డబ్బాల దగ్గర కళ్లు పెట్టండి

మెటీరియల్‌తో సహా కాంట్రాక్ట్ అయితే డిస్కౌంట్ దాక్కునేది డబ్బాలోనే. లీటరుకు ఎన్ని చదరపు అడుగులు వస్తుందో కంపెనీలే చెప్తాయి, డబ్బా మీదో వాళ్ల సైట్లోనో ఉంటుంది. రెండు కోట్లకు లీటరుకు 100 అడుగులు అని ఉందనుకోండి, 2,600 అడుగులకు 26 లీటర్లు కావాలి. ఒక్క 20 లీటర్ల బకెట్ సరిపోతుందని ఎవరైనా అంటే మిగతాది నీళ్లతో నింపుతారనో, ఒక్క కోటుతో సరిపెడతారనో అర్థం. నీళ్లు కలపడం తప్పు కాదు, కలపాల్సిందే, కానీ ఎంత కలపాలో కూడా కంపెనీ చెప్తుంది. సీల్ మీ ముందే తీయమని అడగండి. ఖాళీ డబ్బాలు పని అయ్యేదాకా మీ ఇంట్లోనే ఉంచండి, లెక్క చూసుకోవచ్చు.

"ఎంఆర్పీ మీద 20 శాతం తక్కువకు తెస్తా" అనేది కూడా పెద్ద డిస్కౌంటేమీ కాదు, ఎంఆర్పీ కంటే తక్కువకు షాపు వాళ్లు మామూలుగానే ఇస్తారు. మీరే ఒక షాపుకు ఫోన్ చేసి అడగండి. ఇంకోటి, చాలా కంపెనీల డబ్బాల్లో పెయింటర్ కోసం టోకెనో, స్కాన్ చేస్తే పాయింట్లు వచ్చే కోడో ఉంటుంది. అది వాళ్లకు ఉద్దేశించిందే, దాని గురించి అనుమానపడి మనిషిని చిన్నబుచ్చకండి.

5. బిల్లు, జీఎస్టీ

"బిల్లు వద్దంటే 18 శాతం తగ్గుతుంది" అంటారు. తగ్గేది పన్ను, అతని రేటు కాదు, రేపు గోడ పెచ్చులూడితే మీ చేతిలో కాగితం కూడా ఉండదు. చిన్న పెయింటర్లకు జీఎస్టీ నంబర్ లేకపోవడం మామూలే, ఏడాదికి 20 లక్షల లోపు పని చేసేవాళ్లకు సాధారణంగా అది తప్పనిసరి కాదు. కానీ నంబర్ లేనివాళ్లు జీఎస్టీ పేరుతో డబ్బు తీసుకోకూడదు. నంబర్ ఇస్తే జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూడండి, 15 అక్షరాలుంటాయి, తెలంగాణది 36తో, ఆంధ్రప్రదేశ్‌ది 37తో మొదలవుతుంది.

6. డబ్బు విడతలుగా

అడ్వాన్స్ పది ఇరవై శాతం దాటనివ్వకండి. ప్రైమర్, లప్పం అయ్యాక కొంత, మొదటి కోటు తర్వాత కొంత, చివరి పది శాతం పని మొత్తం చూసుకున్నాక. యూపీఐలో పంపితే లెక్క ఉంటుంది. ఒప్పుకున్నవన్నీ వాట్సాప్‌లో ఒక మెసేజ్‌గా పెట్టి "ఓకే" అనిపించుకోండి. మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. అక్కడ మీకు పనికొచ్చేవి ఈ కాగితం, ఈ మెసేజ్‌లే.

తెనాలి ఇంటికి మళ్లీ రంగులు వేయించింది సంక్రాంతి వెళ్లాకే. ఈసారి పెయింటర్ పది శాతమే తగ్గించాడు. ఎందుకని అడిగితే, "పండగ ముందు ఊపిరాడలేదండీ, ఇప్పుడు మాఘం పెళ్లిళ్ల దాకా మా కుర్రాళ్లకు పని లేదు" అన్నాడు. పడమటి గోడ గోకడానికే ఇద్దరు మనుషులకు రెండు రోజులు పట్టింది, అమ్మ కుర్చీ వేసుకుని కూర్చుని చూసింది. చివర్లో తెరవని ప్రైమర్ డబ్బా ఒకటి మిగిలితే అతనే షాపులో వెనక్కిచ్చి, ఆ డబ్బులు బిల్లులోంచి తీసేశాడు.