జుట్టు రంగు, చర్మం: 3వ పాఠం – చెవి వెనక చుక్క

పోయిన పాఠంలో డబ్బా మీది సన్న అక్షరాలు చదివి జుట్టు రంగుల్లో వాడే, కొందరి చర్మానికి పడని రసాయనం పారా ఫినైలిన్ డయామిన్, అదే పీపీడీ, ఉందో లేదో పట్టుకోవడం నేర్చుకున్నాం. ‘అమ్మోనియా లేదు’ అని రాసినంత మాత్రాన పీపీడీ లేనట్టు కాదనీ, నల్ల మెహందీ పొడుల్లోనూ అది ఉండొచ్చనీ చూశాం. ఈసారి చేతిపని: రంగు వేసుకునే ముందు, అది మన చర్మానికి పడుతుందో లేదో చిన్న చుక్కతో పరీక్షించుకోవడం.

ఇదివరకు జుట్టు రంగుకైనా, నల్ల మెహందీ టాటూకైనా దురదో వాపో వచ్చినవాళ్లు ఈ పరీక్ష ఇంట్లో చేయకండి. చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మిగతావాళ్లు వాడబోయే డబ్బాలోంచే కొంచెం తీసుకోండి. కలిపి పూయాలా, కలపకుండానా, ఎప్పుడు కడగాలి అన్నది లోపలి కాగితంలో ఉంటుంది. కంపెనీకో పద్ధతి, నా మాట కాదు, దాన్నే పాటించండి. చెవి వెనక, కళ్లజోడు కాడ తగలని చోట, ఇయర్ బడ్‌తో చిన్న చుక్క పెట్టి ఆరనివ్వండి. టైము రాసుకోండి. 48 గంటలు చూడాలి. శనివారం సాయంత్రం రంగు వేసుకోవాలంటే చుక్క గురువారం సాయంత్రానికే పడాలి.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. మా మేనమామ అరగంట చూసి, ‘ఏం కాలేదురా’ అని మీసానికి రంగేశాడు. మూడో రోజు పెళ్లిలో పై పెదవి ఉబ్బి, కనురెప్పలు మూసుకుపోయి కూర్చున్నాడు. తేనెటీగ కుట్టినప్పటి వాపులా ఇది నిమిషాల్లో రాదు. పీపీడీని ముందే శత్రువుగా గుర్తుపెట్టుకున్న రక్షణ కణాలు అక్కడికి చేరి గొడవ మొదలుపెట్టడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది.

ఇక ఫలితం చదవడం. మరక నల్లగా కనిపిస్తే కంగారు పడొద్దు, అది రంగే. కళ్లు మూసుకుని వేలి కొసతో తడమండి. పక్క చర్మంలాగే నున్నగా ఉండి, దురద, మంట, ఎరుపు లేకపోతే సరే. రవ్వలా గరుకుగా, ఉబ్బుగా తగిలినా, దురద పెట్టినా కడిగేసి ఆ డబ్బా పక్కన పెట్టేయండి. ఈసారి ఏమీ రాలేదని వచ్చే నెల ఈ పరీక్ష మానేయొద్దు. ఏళ్ల తరబడి పడిన రంగు కూడా ఒకరోజు పడకుండా పోవచ్చు.

వచ్చే పాఠంలో డాక్టరు పరీక్ష: వాజెలిన్‌లో 1 శాతం పీపీడీ కలిపి వీపు మీద అతికించి, 48 గంటలకు తీసి చూసి, మళ్లీ ఇంకో రెండు రోజులకు ఎందుకు చూస్తారో. వీపు తడవకుండా స్నానం ఎలాగో ఈలోగా ఆలోచించి ఉంచండి.